సముద్రపు దొంగ ఎవరు?
(పిల్లల బొమ్మల కథల్లో ఓడ, ఓడ మనిషి)

పిల్లల సాహిత్యాన్ని గురించి మన విమర్శకులు మాట్లాడేది తక్కువ. మాట్లాడినా రెండు మాటలతో సరిపెడతారు. దయ్యాలూ రాజకుమార్తెలూ పిల్లల్ని చెడగొడతాయని ఒక మాట, విజ్ఞాన శాస్త్రమూ త్యాగధనుల జీవితాలూ బాగుచేస్తాయని ఇంకో మాట. మధ్యలో ఒక పెద్ద రాశి మిగిలిపోతుంది. సాహస కథలు, అందులోనూ ఓడలూ, దీవులూ, సముద్రపు దొంగలూ ఉండే బొమ్మల కథలు. తెలుగు చదవడం నేర్చుకున్న మూడు తరాల వాళ్లం వాటిని దీపం పెట్టుకుని, తిండి మానుకుని చదివాం. పెద్దయ్యాక రచయితలమై, సంఘాల్లో చేరి, వాటి సంగతి మరిచిపోయాం. మనం మరిచిపోయినంత మాత్రాన అవి మనల్ని మరిచిపోలేదు. మన తలలో "దొంగ" అనే మాటకు ఒక ముఖం, ఒక వేషం అవే ఇచ్చాయి.

ఈ వ్యాసకర్త కూడా ఈ తప్పులో భాగస్వామే. హత్నూరలో కొంతకాలం ఆదివారాలు పిల్లల్ని కూచోబెట్టి కథలు చదివి వినిపించే పని పెట్టుకున్నాను. వచ్చేవాళ్లు పదీ పన్నెండు మంది. తల్లిదండ్రులు చాలామంది సంగారెడ్డి, పటాన్‌చెరు దారిన ఉన్న కార్ఖానాల్లో షిఫ్టులకు పోయేవాళ్లు. కొందరికి ఎకరమో అరెకరమో భూమి ఉండేది, కొందరికి అదీ లేదు. చదవవలసిన పుస్తకాల పట్టీ వేసేటప్పుడు "కాంచన ద్వీపం" పేరు నేనే కొట్టేశాను. స్టీవెన్‌సన్ నవల "ట్రెజర్ ఐలండ్"కు నండూరి రామమోహనరావు గారి తెలుగు అది. ఇంగ్లీషు జమీందారూ, డాక్టరూ కలిసి ఓడ వేసుకుని పోయి దీవిలో ధనం తవ్వుకొచ్చే కథ మన కూలి పిల్లలకెందుకు, అది సామ్రాజ్యవాదపు బాల్యక్రీడ అని నా వాదన. వాదనలో తప్పేమీ లేదు. కాని పుస్తకం పిల్లల చేతికి ఎలాగో చేరింది. చదివాక ఒక కుర్రవాడు వచ్చి అడిగిన ప్రశ్నతో నా వాదన సగం కూలింది.

"సార్, ఆ ఒంటికాలోనికి కాలు పోయినంక కంపెనోళ్లు పైసలిచ్చిన్రా?"

వాడి తండ్రికి ప్రెస్ మిషన్ కింద రెండు వేళ్లు పోయాయి. ఇంట్లో ఆ మాట రోజూ నడుస్తూనే ఉంది. అందుకని వాడికి కథలో నిధి కన్నా, పటం కన్నా, చిలక కన్నా వంటవాడు జాన్ సిల్వర్ కాలే పెద్ద విషయమైంది.

నేను మూలం తెరిచి చూశాను. ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. నావికుల్ని కుదుర్చుకున్న జమీందారు ట్రెలానీ తన ఉత్తరంలో రాస్తాడు: ఇతడు దేశసేవలో, అడ్మిరల్ హాక్ కింద పనిచేస్తూ కాలు పోగొట్టుకున్నాడు, అయినా ఇతనికి పింఛను లేదు అని. సిల్వర్ చెప్పింది అబద్ధం. ఆ కాలు పోయింది దొంగల నాయకుడు ఫ్లింట్ ఓడ మీద. అబద్ధమే అయినా అది చెల్లింది. ఎందుకు చెల్లింది? యుద్ధంలో కాలు పోయినవాడికి పింఛను లేకపోవడం ఆ రోజుల్లో ఎవరికీ వింత కాదు గనక. పాఠకుడు ఒక్క క్షణం జాలిపడి ముందుకు పోతాడు. 1881లో "యంగ్ ఫోక్స్" అనే పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలై 1883లో పుస్తకమైన ఆ నవలలో ఇంత సత్యం ఒక వాక్యంలో దాగి ఉంది. దాన్ని బయటికి తీసింది హత్నూర పిల్లవాడు. విమర్శకుడనే పేరు పెట్టుకున్న నేను తియ్యలేదు.

ఇక్కడినుంచి వెతుకుతూ పోతే చరిత్ర ఇంకా ముందుకు తీసుకుపోయింది. 18వ శతాబ్దం మొదటి పాతికేళ్లలో అట్లాంటిక్ మీద తిరిగిన సముద్రపు దొంగలు ఎక్కువమంది ఆకాశం నుంచి ఊడిపడలేదు. వర్తక నౌకల మీద కొరడా దెబ్బలు తిని, కూలి ఎగ్గొట్టబడి, పురుగులు పట్టిన రొట్టె తిన్న నావికులే. బార్తలమ్యూ రాబర్ట్స్ అనేవాడు బానిసల్ని మోసే ఓడ మీద ఒక చిన్న ఉద్యోగి. 1719లో ఆ ఓడను దొంగలు పట్టుకున్నాక వాళ్లలో కలిసిపోయి నాయకుడయ్యాడు. అతని ఓడ మీద అమలైన ఒప్పందం 1724లో లండన్‌లో అచ్చయిన దొంగల చరిత్రలో ఉంది. ముఖ్య విషయాల్లో ప్రతివాడికీ ఒక ఓటు. దోపిడిలో కెప్టెన్‌కు రెండు వాటాలు, మామూలు నావికుడికి ఒకటి. పనిలో అవయవం పోయినవాడికి ఉమ్మడి సొమ్ములోనుంచి ఎనిమిది వందల డాలర్లు, చిన్న గాయానికి దాన్నిబట్టి తక్కువ. మన దేశంలో కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది 1923లో. అంటే ఉరికంబం ఎక్కవలసిన దొంగలు దొరల ప్రభుత్వం కన్నా రెండు వందల ఏళ్ల ముందే ఈ సంగతి కాగితం మీద పెట్టుకున్నారు. మార్కస్ రెడికర్ వంటి చరిత్రకారులు ఈ విషయాన్ని వివరంగా రాశారు.

ఇంత మాత్రాన సముద్రపు దొంగను విప్లవకారుణ్ణి చేసి నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. మనలో కొందరికి ఆ జబ్బు ఉంది — తిరగబడ్డవాడు కనబడితే చాలు, అతని చేతిలో ఏముందో చూడరు. 1722లో ఇదే రాబర్ట్స్ మనుషులు పశ్చిమాఫ్రికా తీరంలో ఒక బానిసల ఓడను తగలబెట్టారు. దాని కెప్టెన్ విడుదల సొమ్ము ఇవ్వలేదని. సంకెళ్లు విప్పే ఓపిక లేక లోపలున్న ఎనభై మందిని అలాగే వదిలేశారు. కొందరు కాలిపోయారు, కొందరు సంకెళ్లతోనే నీళ్లలోకి దూకారు. ఓటు హక్కు ఉన్న ఓడ, ఒప్పందం ఉన్న ఓడ, అయినా నల్ల మనిషి దాని లెక్కలోకి రాలేదు. ఈ రెండు ముఖాల్నీ కలిపి చూపించగల పిల్లల పుస్తకం ఏదైనా ఉంటే అదే మంచి పుస్తకం.

స్టీవెన్‌సన్‌కు ఇందులో కొంత తెలుసు. "నల్ల మచ్చ"ను తీసుకోండి. పిల్లలు దాన్ని దయ్యపు చీటీలాగా భయపడుతూ చదువుతారు. నిజానికి అది నాయకుణ్ణి దింపడానికి నావికులు ఇచ్చే నోటీసు. సిల్వర్ ఒకప్పుడు ఫ్లింట్ ఓడ మీద క్వార్టర్‌మాస్టరు. దొంగల ఓడ మీద ఆ పదవి కెప్టెన్‌ను అదుపులో పెట్టడానికి నావికులు ఎన్నుకునేది. ఇదంతా తెలిసిన రచయిత, తెలిసి కూడా, ఓటును మూర్ఖుల అల్లరిగా మార్చాడు. బైబిలు పేజీ చింపి చీటీ చేసినందుకు సిల్వర్ వాళ్లను ఎగతాళి చేస్తాడు, పాఠకుడూ అతనితో కలిసి నవ్వుతాడు. సామాన్యులు సమావేశం పెట్టుకుంటే నవ్వాలని, జమీందారు సమావేశం పెడితే వినాలని పుస్తకం మెల్లిగా నేర్పుతుంది. చివరికి ఏడు లక్షల పౌన్ల ధనం ఇంగ్లండు చేరుతుంది. ఆ ధనం పోగవడానికి ఎంత రక్తం పోయిందో, ఎన్ని ఓడలు మునిగాయో అని కుర్రవాడు జిమ్ ఒక్కచోట తలుచుకుంటాడు. నిజాయితీగా చెప్పాలంటే ఆ వాక్యం అక్కడ ఉంది. ఆ తరవాత అతడు నాణేలు ఏరి సంచుల్లో నింపుతాడు. దేశదేశాల నాణేలు, తూర్పు దేశాల నాణేలు కూడా ఆ కుప్పలో ఉన్నాయి. అవి ఎవరివి, తిరిగి ఇవ్వాలా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. ధనం దొంగ చేతినుంచి పెద్దమనిషి చేతికి రాగానే దాని చరిత్ర కడిగివేయబడింది. పెట్టుబడి ఆదిమ సంచయానికి ఇంతకన్నా తేలికైన పాఠం పిల్లలకు ఎవరు చెప్పగలరు?

సిల్వర్ చిలక తిరిగిన తావుల్లో మడగాస్కర్ ఉంది, మలబార్ ఉంది. గోవా దగ్గర పోర్చుగీసు రాజప్రతినిధి ఓడను దోచినప్పుడు కూడా అది అక్కడే ఉందంటాడు సిల్వర్. మన సముద్రం ఆ నవలలోకి వచ్చింది ఇలాంటి ప్రస్తావనల ద్వారానే.

బొమ్మల సంగతి వేరుగా చెప్పాలి. ఇలాంటి పుస్తకంలో బొమ్మ కథకు అలంకారం కాదు, సగం కథ. తలకు గుడ్డ, నడుముకు ఎర్ర పట్టీ, చెవికి పోగు — ఈ వేషం చాలామటుకు అమెరికన్ చిత్రకారుడు హోవర్డ్ పైల్ కుంచెనుంచి వచ్చింది. అతని శిష్యుడు ఎన్.సి. వయెత్ 1911లో "ట్రెజర్ ఐలండ్"కు వేసిన బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి. గొప్ప బొమ్మలే. నడుముకు తాడు కట్టి సిల్వర్ జిమ్‌ను లాక్కుపోయే బొమ్మలో ఆ ఒంటికాలి మనిషి బరువంతా కర్ర మీద ఎలా పడుతుందో చూస్తే చిత్రకారుడు ఒళ్లు నొప్పి తెలిసినవాడని అనిపిస్తుంది. కాని ఆ వేషం అచ్చులు పోసిన కొద్దీ నొప్పి పోయి వేషమే మిగిలింది. తరవాతి బొమ్మల కథల్లో ఇంకొక మార్పు జరిగింది: దొంగ రంగు మారింది. 1936లో లీ ఫాక్ మొదలుపెట్టిన "ఫాంటమ్"లో సముద్రపు దొంగలు ఆసియావాళ్లు, వాళ్ల ముఠా పేరు సింగ్ సోదరులు. వాళ్లను వేటాడే ధర్మాత్ముడు తెల్లవాడు, అడవి ప్రజలకు తరతరాల రక్షకుడు. 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్స్ దాన్ని మన దేశంలో పిల్లల చేతిలో పెట్టాయి. ఆ పేరు మనవాళ్లకు కష్టం కలిగిస్తుందని "సింగా" అని ఒక అక్షరం మార్చారు. అక్షరం మారింది, కథ మారలేదు.

మరి మన "చందమామ"? 1947 జూలైలో మొదలై, ఆగిపోయి ఇప్పటికి పదేళ్లు దాటిన ఆ పత్రికను తేలిగ్గా తీసిపారేసే హక్కు మనకు లేదు. దానికి మూడు దశాబ్దాలకు దగ్గరగా రూపం ఇచ్చినవాడు కొడవటిగంటి కుటుంబరావు. నాస్తికుడు, మార్క్సిస్టు, 1970లో విరసం పుట్టినప్పుడు అందులో ఉన్నవాడు. ఆయన చేతిమీదుగా భూతాలూ మాంత్రికులూ ఎలా వచ్చారని మన మిత్రులు ఇప్పటికీ చిరాకుపడతారు. ఆ చిరాకు పక్కన పెట్టి ఆ సీరియల్స్ మళ్లీ చదవండి. దాసరి సుబ్రహ్మణ్యం గారి తొలి సీరియల్ "తోకచుక్క" 1954లో వచ్చింది. కుండలినీ ద్వీపపు రాజు చిత్రసేనుడు, సేనాని సమరసేనుడు. ధనరాశులు తేవడానికి సేనాని సైన్యంతో ఓడలెక్కి బయలుదేరతాడు. ఏకాక్షీ, చతుర్నేత్రుడూ అనే మాంత్రికుల మధ్య చిక్కుకుంటాడు. చదివే రోజుల్లో మనకు ఏకాక్షి దుర్మార్గుడు, సమరసేనుడు వీరుడు. ఇప్పుడు చదివితే అడగాలనిపిస్తుంది: ఇతరుల దీవుల్లోనుంచి ధనం తేవడానికి సైన్యంతో పోయేవాడికి మరో పేరేమిటి? వాడు మన రాజు మనిషి గనక సేనాని. పక్క దీవి వాడైతే సముద్రపు దొంగ అయ్యేవాడు.

చిత్ర గారి బొమ్మలు ఆ సీరియల్స్‌కు ప్రాణం. చిన్న చట్రంలో చీకటిని, గుహను, భయాన్ని ఇమిడ్చిన నేర్పరి. కాని ఓడ విషయానికొస్తే ఆయన కుంచె కూడా కథ వెంటే పోయింది. మన మనసులో మిగిలింది ఎత్తయిన ఓడ ముక్కు, గాలి నిండిన తెరచాప, ముందు నిలబడ్డ వీరుడు. తెడ్డు పట్టినవాడు, తెరచాప తాళ్లు లాగి అరచేతులు ఒలుచుకున్నవాడు, అడుగున చేరిన నీళ్లు తోడేవాడు మిగలలేదు. తెలుగులో ఆ మనుషులకు పేర్లు లేవా? కళాసి ఉన్నాడు, సరంగు ఉన్నాడు, తండేలు ఉన్నాడు. కోస్తా జనం నోట్లో ఈ మాటలు నేటికీ ఉన్నాయి. పిల్లల కథలో మాత్రం "నావికులు" అనే ఒక్క సంస్కృత మాటతో అందరినీ ఓడ కిందికి దించేశారు. "ముగ్గురు మాంత్రికులు" కొంత మేలు. దాని నాయకుడు పింగళుడు వలేసి బతికే జాలరి. ఆ కథకు వేరు అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథలో ఉంది. అక్కడ సొంత అన్నలే తమ్ముణ్ణి ఓడ కెప్టెన్‌కు అమ్మేస్తారు. మనిషిని ఓడకు అమ్మడం అద్భుత కథలోని అద్భుతం కాదు, రేవు పట్టణాల్లో నడిచిన వ్యాపారం. అద్భుతం మధ్య అదొక్కటే నిజం.

ఈ కథలకు "చారిత్రక" అనే మాట ఎంతవరకు చెల్లుతుందని విద్యార్థులు అడగవచ్చు. కిరీటమూ కత్తీ ఉంటే చరిత్ర కాదు. ఎవరి సరుకు, ఎవరి ఓడ, ఎవరు సుంకం వసూలు చేశారు, ఎవరు మునిగారు అన్నది చరిత్ర. అది కావాలంటే కల్పిత ద్వీపాలకు పోనక్కరలేదు. మోటుపల్లికి పోవచ్చు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం నేటికీ ఉంది. గాలివానకు కొట్టుకువచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకం, ముప్పయ్యో వంతు తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తానని ఆ శాసనం చెబుతుంది. గమనించండి: రాజులే ఒడ్డు మీద నిలబడి సముద్రపు దోపిడి చేశారని చెబుతున్నవాడు మరో రాజు. ఇంతకన్నా గొప్ప సాక్షి ఎవరు దొరుకుతారు?

ఆ తరవాతి శతాబ్దాల్లో పోర్చుగీసువాళ్లు వచ్చి, తమ చీటీ కొనుక్కోకుండా తిరిగే ఏ ఓడనైనా పట్టుకోవచ్చని తమకు తామే చట్టం చేసుకున్నారు. ఆ చీటీ పేరు కార్తాజ్. దాన్ని ధిక్కరించిన కేరళ నౌకా సేనాని కుంజాలి మరక్కార్‌ను 1600లో గోవాలో చంపారు. వాళ్ల రాతల్లో అతడు దొంగ. ఇంగ్లీషువాళ్ల రాతల్లో కాన్హోజీ ఆంగ్రే దొంగ. అదే ఇంగ్లీషు హెన్రీ ఎవ్రీ 1695లో మక్కా నుంచి సూరత్‌కు తిరిగివస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయీని కొల్లగొట్టి, అందులోని స్త్రీలను చెరిస్తే లండన్‌లో అతని మీద పాటలూ నాటకమూ వచ్చాయి. ఆ ఔరంగజేబు కూడా ఎనిమిదేళ్ల ముందే, 1687లో, గోల్కొండను దోచినవాడే. ఒక దొంగతనం వెనక ఇంకో దొంగతనం, దాని వెనక ఇంకొకటి. పాఠ్యపుస్తకం మాత్రం వాటిలో ఒక్కదానికే ఆ పేరు పెడుతుంది.

ఇక డచ్చి కంపెనీ. 17వ శతాబ్దంలో కోరమండల్ తీరాన కరువు వచ్చినప్పుడు తిండి లేక అమ్ముడైన మనుషుల్ని వేల లెక్కన కొని బతావియాకూ సింహళానికీ ఓడల్లో తోలింది. వాళ్ల ఖాతా పుస్తకాల్లో అది వ్యాపారం. ఈ దృశ్యానికి మన పిల్లల పుస్తకాల్లో ఒక్క బొమ్మ చూపించండి.

హత్నూర నుంచి సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే గదా, మా పిల్లలకూ ఓడకూ ఏం సంబంధం అని ఒక మిత్రుడు అడిగాడు. సంబంధం ఉంది. మా జిల్లాలోనే కొండాపురం మట్టి దిబ్బల్లో 1940 తరవాత తవ్వకాలు జరిపితే వేల సంఖ్యలో శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి, రోమన్ నాణేలూ దొరికాయి. సముద్రం దాటి వచ్చిన డబ్బు రెండు వేల ఏళ్ల కిందటే ఈ చెలకల దాకా నడిచింది. శాతవాహన రాజులు రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు కొట్టించారు. తెలుగు నేల మీద ఓడకు దొరికిన తొలి చిత్రకారుడు ఆ నాణెం అచ్చు చెక్కిన పేరు లేని కంసాలే అనుకోవాలి. మా పిల్లలకు నర్సాపూర్ అంటే హత్నూర పక్కన అడవి ఉన్న ఊరు. గోదావరి మొగన ఇంకో నర్సాపూర్ ఉందని, 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవాళ్లు కూడా తమ ఓడలు అక్కడ కట్టించుకునేవారని చెబితే, "మన నర్సాపూర్‌ల ఓడలెట్ల కట్టిన్రు, నీళ్లేడివి?" అని గోల చేశారు. ఆ గోలే పాఠమైంది. టేకు దుంగ ఎక్కడిది, మేకు ఎవరు కొట్టారు, తాడు ఎవరు పేనారు, కూలి ఎంత — వాళ్ల ప్రశ్నలన్నీ పనిని గురించినవే. కార్ఖానా పిల్లలు మరి.

అభ్యుదయ రచయితలు పిల్లల కోసం ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. మాస్కోలో అచ్చయిన రంగుల బొమ్మల తెలుగు పుస్తకాల్ని విశాలాంధ్ర పుస్తకశాలలు పల్లెల దాకా తెచ్చాయి. 1991 తరవాత ఆ ధార ఎండిపోయింది. అయితే అవన్నీ తెచ్చుకున్నవే. మోటుపల్లి మీద, కోరంగి మీద, మచిలీపట్నం మీద కళాసి కొడుకు కళ్లతో చూసిన ఒక బొమ్మల నవల మనమెవరం రాయలేదు. పెద్దల కోసం రైతాంగ పోరాటం రాశాం, గని కార్మికుడి మీద రాశాం. ఓడను దాసరి గారికీ స్టీవెన్‌సన్‌కూ వదిలేసి, వాళ్లు సరిగా రాయలేదని తీర్పులు చెబుతున్నాం. వాళ్ల కథనశక్తి ముందు మన పిల్లల కథలు చాలామటుకు కరపత్రాల్లా ఉంటాయి. పిల్లవాడు పేజీ తిప్పకపోతే మన దృక్పథం ఎంత సరైనదైనా అది బీరువాలోనే ఉంటుంది. నెలనెలా పాఠకుణ్ణి అంచు మీద నిలబెట్టి ఆపడం ఎలాగో దాసరి గారి దగ్గర నేర్చుకోవలసిందే. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

నేను మోటుపల్లి శాసనం కథగా రాసి ఆ పిల్లలకు వినిపించాను. గాలివాన, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ, సరుకు మీద పడ్డ పాత రాజు భటులు, తరవాత కొత్త రాజు అభయం. వర్తకుడు బతికిపోయాడు, కథ సుఖాంతం. పిల్లలు శ్రద్ధగా విన్నారు. సిల్వర్ కాలును గురించి అడిగిన ఆ కుర్రవాడే ఈసారి కూడా చెయ్యెత్తాడు.

"ఒడ్డు మీద చేపలు పట్టెటోళ్లున్నరు గద సార్. మునిగేటోళ్లను బయటికి గుంజింది వాళ్లే ఉంటరు. మరి వాళ్లకేమొచ్చింది?"

శాసనం మాట్లాడింది వర్తకులతో. నా కథా వర్తకులతోనే మాట్లాడింది. కథ మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను. ఈసారి అది ఓడ మీద మొదలవదు, ఒడ్డున వల ఆరబెట్టే చోట మొదలవుతుంది. బొమ్మలు వేసేవాళ్లు ఇంకా దొరకలేదు.